పదిహేనుమంది లెక్క: ఐర్లండు కష్టకాలంలో హర్లింగ్ ఆట

ఉగాది ప్రత్యేక సంచికలో ఐర్లండు దేశపు కర్రాట గురించి వ్యాసమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆ దేశానికీ మనకూ భాషలో గాని, ఆచారంలో గాని చుట్టరికం లేదు. అయినా ఒక పోలిక ఉంది. మన తాతముత్తాతలు నేటి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలు విడిచి, ఓడలెక్కి మలయా తోటలకు వచ్చినట్లే, ఐర్లండు వారు కూడా తరతరాలుగా ఓడలెక్కి ఊళ్ళు విడిచిపోయారు. మనవారు వచ్చిన చోట రామభజన మందిరం కట్టుకున్నారు, పిల్లలకు ఓనమాలు దిద్దించారు. వారు వెళ్ళిన చోట చర్చి కట్టుకున్నారు. దానితోబాటు ఒక కర్రనూ ఒక బంతినీ వెంట తీసుకుపోయారు.

2008లో ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలింది. తరువాతి ఐదారేళ్ళు సామాన్య కుటుంబాలు ఎలా నెట్టుకొచ్చాయి, ఆ బ్రతుకులో హర్లింగ్ అనే ఆట ఏ పని చేసింది, ఏ పని చేయలేకపోయింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం. వలస వచ్చినవారి బిడ్డలమైన మనం ఒక్కసారి తెలుసుకోదగిన చరిత్ర ఇది.

ఆట స్వరూపం

చిన్నతనంలో బిళ్ళంగోడు ఆడినవారికి హర్లింగ్ సంగతి చెప్పడం సులభమే. చేత కర్ర ఉంటుంది, కొట్టడానికి వస్తువు ఉంటుంది, దెబ్బ తగిలితే వాపు ఉంటుంది. కర్రను ఐరిష్ భాషలో కమాన్ అంటారు. దానిని యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. అందులోనూ చెట్టు మొదట్లో, వేరు వైపు వంపు తిరిగే చోట ఉన్న చెక్కనే ఏరుకుంటారు. అక్కడ కలప పోగులు కర్ర వంపుతోబాటే తిరుగుతాయి గనుక దెబ్బకు తొందరగా విరగదు. కర్ర చివర తెడ్డులా వెడల్పుగా ఉంటుంది. బంతి పేరు స్లిటర్. లోపల బెండు, పైన తోలు, తోలు కుట్టిన చోట గట్టులా లేచిన అంచు. బాగా కొడితే గంటకు నూట యాభై కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంది. 2010 నుండి ఆడేవారందరూ తలకు శిరస్త్రాణం ధరించాలన్న నిబంధన వచ్చింది.

జట్టుకు పదిహేనుమంది. మైదానం రెండు చివరల ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో స్తంభాలు ఉంటాయి. అడ్డకర్ర మీదుగా బంతిని పంపితే ఒక పాయింటు, అడ్డకర్ర కింది వలలోకి కొడితే గోలు. ఒక గోలు మూడు పాయింట్లతో సమానం. ఉదాహరణకు 2010 సెప్టెంబరులో జరిగిన అఖిల ఐర్లండు ఫైనల్‌లో టిప్పరరీ జట్టు 4 గోళ్ళు, 17 పాయింట్లు సాధించింది, అనగా మొత్తం 29. కిల్కెన్నీ జట్టుకు ఒక గోలు, 18 పాయింట్లు వచ్చాయి, అనగా 21. వరుసగా ఐదవ ఏడు కప్పు గెలవాలన్న కిల్కెన్నీ ఆశ ఆనాటితో తీరిపోయింది.

ఈ ఆటలో అన్నిటికంటె విశేషం వేరే ఉంది. ఆడేవారికి జీతం లేదు. డబ్లిన్ నగరంలోని క్రోక్ పార్క్ మైదానంలో ఎనభై రెండు వేలమంది చూస్తూండగా ఆదివారం ఆడిన వీరుడు, సోమవారం బడిలో పాఠం చెప్పుకోవాలి, లేదా కరెంటు తీగలు బిగించుకోవాలి, లేదా పశువులకు మేత వేసుకోవాలి. రెండవ విశేషం, ఆటగాణ్ణి కొనడం, అమ్మడం అనేవి లేవు. ఒక చర్చి కింద ఉండే నాలుగైదు పల్లెల సముదాయాన్ని పారిష్ అంటారు. సాధారణంగా పారిష్‌కు ఒక క్లబ్బు. పుట్టిన పారిష్ ఏదైతే, ఆడే క్లబ్బూ అదే. తండ్రి తొడిగిన రంగు చొక్కాయే కొడుకు తొడుగుతాడు. కూతుళ్ళకు ఇదే ఆట కమోగీ అనే పేరుతో 1904 నుండి ఉంది. క్లబ్బులో మంచి ఆటగాళ్ళయినవారిని జిల్లా వంటి కౌంటీ జట్టుకు ఎంపిక చేస్తారు. కౌంటీల మధ్య పోటీయే అఖిల ఐర్లండు ఛాంపియన్‌షిప్.

కష్టాలలో పుట్టిన సంఘం

హర్లింగ్ చాలా ప్రాచీనమైనది. పురాణ వీరుడు కుహులిన్ బాల్యంలోనే కమాన్, బంతి చేతబట్టి తిరిగాడని వారి గాథలు చెబుతాయి. 1366లో కిల్కెన్నీలో ఇంగ్లీషు పాలకులు చేసిన శాసనాలు ఈ ఆటను నిషేధించాయి. నిషేధానికి చావని ఆట, ఆకలికి చావబోయింది. 1845 నుండి నాలుగైదేళ్ళు బంగాళాదుంప పంటకు తెగులు తగిలి వచ్చిన మహా క్షామంలో సుమారు పదిలక్షలమంది మరణించారు. మరి పదిలక్షలకు పైగా దేశం విడిచారు. ఆడే కుర్రవాళ్ళే లేని పల్లెల్లో ఆట ఎక్కడిది?

అటువంటి స్థితిలో 1884 నవంబరు 1వ తేదీన టిప్పరరీలోని థర్లెస్ పట్టణంలో హేస్ హోటలులో కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు దానికి ప్రాణం పోసినవాడు. మారిస్ డేవిన్ తొలి అధ్యక్షుడు. పోబోతున్న ఆటలను నిలబెట్టుకోవడమే వారి సంకల్పం. నాలుగేళ్ళకే, 1888లో, సంఘానికి నిధులు సేకరించాలని ఒక క్రీడాకారుల బృందాన్ని అమెరికాకు పంపారు. డబ్బు రాకపోగా నష్టం వచ్చింది. పైగా వెళ్ళినవారిలో కొందరు అక్కడే ఉండిపోయారు. వలస అనేది ఆ సంఘానికి పురిటిలోనే పట్టుకున్న బాధ అన్నమాట.

1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడినా బాధ తీరలేదు. 1950 దశకంలో దాదాపు నాలుగు లక్షలమంది దేశం విడిచారు. 1980 దశకంలో నిరుద్యోగం నూటికి పదిహేడుకు చేరింది. 1980లో గాల్వే కౌంటీ యాభై ఏడేళ్ళ తరువాత మళ్ళీ అఖిల ఐర్లండు కప్పు గెలిచినప్పుడు, నాయకుడు జో కానలీ ఐరిష్ భాషలో ప్రసంగించి, ఆ సంతోష సమయంలో దూరదేశాలలో ఉన్న గాల్వే బిడ్డలను తలచుకున్నాడు. గెలుపు వేదిక మీద కూడా లేనివారిని తలచుకోవడం వారికి అలవాటయిపోయింది.

సిరి వచ్చి వెళ్ళిన తీరు

1990 దశకం నడిమి నుండి కథ మారింది. విదేశీ కంపెనీలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. వెళ్ళినవారు తిరిగి రాసాగారు. పోలండు మొదలైన దేశాలవారు పని వెతుక్కుంటూ ఐర్లండుకే వచ్చారు. ఆ వైభవానికి ‘కెల్టిక్ పులి’ అని పేరు పెట్టారు. అయితే 2000 తరువాత ఆ పులికి మేత పరిశ్రమ కాదు, ఇళ్ళ నిర్మాణం. బ్యాంకులు విదేశాలలో అప్పు తెచ్చి దేశంలో అప్పు ఇచ్చాయి. ఆ డబ్బుతో ఇళ్ళు లేచాయి. ఇళ్ళ ధరలు పెరుగుతున్నవి గదా అని మళ్ళీ అప్పిచ్చారు. అప్పు చేసి పప్పుకూడు అనే సామెత మనకే కాదు, వారికీ వర్తించింది. 2007 నాటికి రెండున్నర లక్షలకు పైగా జనం నిర్మాణ పనుల మీదనే బ్రతుకుతున్నారు. పల్లెటూరి హర్లింగ్ జట్టులో వడ్రంగి, తాపీమేస్త్రీ, కరెంటు పనివాడు, లారీ డ్రైవరు ఉండేవారు. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, తరువాతి కథంతా దీనితో ముడిపడి ఉంది.

2008 సెప్టెంబరు 7న క్రోక్ పార్క్‌లో కిల్కెన్నీ జట్టు వాటర్‌ఫోర్డ్‌ను 39–16 తేడాతో చిత్తుగా ఓడించింది. ఆ ఫైనల్ కబుర్లు ఇంకా ముగియకముందే, మూడు వారాలకు, సెప్టెంబరు 29 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం ఆరు బ్యాంకుల అప్పులన్నిటికీ తాను పూచీ అని ప్రకటించింది. ఆ పూచీ విలువ సుమారు 44,000 కోట్ల యూరోలు. జనాభా నలభై ఆరు లక్షలైనా లేని దేశం నెత్తిన ఎత్తుకున్న బరువది. చివరకు బ్యాంకులను నిలబెట్టడానికి సుమారు 6,400 కోట్ల యూరోలు ఖర్చయింది.

2010 నవంబరు చివరలో దేశమంతా మంచు కురిసి రోడ్లు మూసుకుపోయిన రోజులలోనే, యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్య నిధి వారితో ఒప్పందం కుదిరింది. మొత్తం 8,500 కోట్ల యూరోల ఏర్పాటు. అందులో 1,750 కోట్లు ఐర్లండు తన సొంత నిల్వల నుండే, ముసలితనపు పింఛన్ల కోసం దాచుకున్న నిధితో సహా, తీసి పెట్టవలసి వచ్చింది. స్వాతంత్ర్యం కోసం పోరాడిన దేశపు లెక్కల పుస్తకాలను పరాయి అధికారులు వచ్చి తిరగవేయడం ప్రజలకు అవమానంగా తోచింది.

ఇళ్ళల్లో

అంకెలు పత్రికలలో ఉంటాయి. కష్టం ఇళ్ళల్లో ఉంటుంది. 2007లో నిరుద్యోగం నూటికి ఐదు లోపే ఉండేది, 2012 నాటికి పదిహేనుకు చేరింది. నిర్మాణ రంగంలో సగానికి పైగా పనులు పోయాయి. నిన్నటిదాకా తెల్లవారకముందే వ్యాను వేసుకుని డబ్లిన్‌కు పనికి పోయిన మనిషి, సంక్షేమ కార్యాలయం ముందు వరుసలో నిలుచున్నాడు. అక్కడ ఇచ్చే నిరుద్యోగ భృతి 2009లో వారానికి 204 యూరోలు ఉండగా 2011 నాటికి 188కి తగ్గించారు. పడుచువారికి ఇంకా తక్కువ. పిల్లల పోషణకు తల్లులకిచ్చే నెల సొమ్ము 166 నుండి 140కి దిగింది. ఉద్యోగం ఉన్నవారికి జీతాలు కోసి, 2011 నుండి కొత్త పన్ను కూడా వేశారు. 2012లో ఇంటికి నూరు యూరోల సుంకం విధిస్తే, గడువు నాటికి సగంమంది కట్టనేలేదు.

ఇళ్ళ ధరలు ఐదేళ్ళలో సగానికి పడిపోయాయి. మూడు లక్షల అప్పుతో కొన్న ఇల్లు లక్షన్నర చేస్తుంటే, అమ్మినా అప్పు తీరదు, అమ్మకపోతే కిస్తీ ఆగదు. ఊరి చివర సగం కట్టి వదిలివేసిన కాలనీలు మిగిలాయి. 2010లో ప్రభుత్వం లెక్క తీస్తే అటువంటివి 2,846 తేలాయి. ప్రజలు వాటికి దయ్యాల పేటలని పేరు పెట్టారు. గోడలుండి తలుపులుండవు, స్తంభాలుండి దీపాలుండవు. అక్కడో ఇక్కడో ఒక కుటుంబం మాత్రం కాపురముండేది.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. 2010లో ప్రభుత్వానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య చర్చలు క్రోక్ పార్క్ భవనంలోనే జరిగాయి. ఇకపై జీతాలు కోయబోమని ప్రభుత్వమూ, సిబ్బంది తగ్గింపునకు, పని పద్ధతుల మార్పునకు సహకరిస్తామని సంఘాలూ ఒడంబడిక చేసుకున్నాయి. దాని పేరు క్రోక్ పార్క్ ఒప్పందం. ఆనాటి నుండి క్రోక్ పార్క్ అన్న మాట వింటే ఉపాధ్యాయుని ఇంటిలో, నర్సు ఇంటిలో రెండు తలపులు కలిగేవి. ఒకటి కప్పు, రెండవది జీతం.

మైదానంలో

ఇటువంటి రోజులలో ఆట ఏమి చేసింది? ఉద్యోగమివ్వలేదు, అప్పు తీర్చలేదు. కాని కొన్ని చిన్న పనులు చేసింది. అవి చిన్నవే గాని విలువైనవి.

పని పోయిన మనిషికి మొదట పోయేది జీతం, రెండవది వేళ. ఎప్పుడు లేవాలి, ఎక్కడికి పోవాలి, ఎవరు ఎదురుచూస్తున్నారు అన్న ప్రశ్నలకు జవాబుండదు. క్లబ్బు ఆ జవాబు ఇచ్చింది. మంగళవారం, గురువారం సాయంకాలం సాధన, ఆదివారం ఆట. అక్కడ నీకు పని ఉందా లేదా అని ఎవరూ అడగరు, కుడివైపు ఆడతావా ఎడమవైపా అని అడుగుతారు. ఖాళీగా ఉన్నవారు చిన్నపిల్లలకు ఆట నేర్పసాగారు, కంచె బాగుచేశారు, గడ్డి కోశారు, చొక్కాలు మార్చుకునే గదికి సున్నం వేశారు. ఎప్పటిలాగే తల్లులు టీ కాచారు, రొట్టెముక్కలు చేశారు. వీరెవరికీ కూలి లేదు. గొప్ప రోజులలో కూడా లేదు గనుక, చెడ్డ రోజులలో పోయిందీ లేదు.

నా ఉద్దేశ్యంలో అసలు రహస్యం ఇదే. డబ్బుతో నిలబెట్టినది డబ్బుతోబాటే పోయింది. డబ్బుతో నిమిత్తం లేకుండా కట్టుకున్నది మిగిలింది. ఆ దేశంలో రెండు వేలకు పైగా ఉన్న క్లబ్బులు పెద్ద బ్యాంకుల కంటె గట్టివని 2008 తరువాత తేలింది.

అయితే అంతా బంగారమే అనడం సత్యం కాదు. మంచి రోజులలో కొన్ని క్లబ్బులు కూడా అప్పు చేసి కొత్త మైదానాలు, భవనాలు కట్టి, తరువాత కిస్తీలకు తడుముకున్నాయి. చొక్కాల మీద పేరు వేయించుకుని విరాళమిచ్చే ఊరి దుకాణాలు, మద్యశాలలు మూతబడ్డాయి. వారం వారం ఇంటింటికీ అమ్మే క్లబ్బు లాటరీ టిక్కెట్లు కొనేవారు తగ్గారు. ఆట ఆడని ఇళ్ళకు, పరదేశం నుండి పనికి వచ్చి పని పోగొట్టుకున్నవారికి, ఈ అండ అంతగా అందలేదు. మౌనంగా కుమిలిపోయిన మగవారు ఎందరో. అందరి తలుపూ తట్టడం ఏ క్లబ్బుకూ సాధ్యం కాలేదు.

ఈ కష్టాలు చాలవన్నట్లు 2012 అక్టోబరులో యాష్ చెట్లకు సోకే ప్రాణాంతకమైన తెగులు ఆ దేశంలో బయటపడింది. కమాన్ కలపలో అధికభాగం అప్పటికే విదేశాల నుండి దిగుమతి అవుతూండేది. ఇప్పుడు పెరట్లోని చెట్టుకూ ప్రమాదం వచ్చింది. ఒకప్పుడు దుంపకు తెగులు తగిలి దేశం పాడయింది. ఇప్పుడు కర్రకు తగిలింది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. నేడు కొందరు వెదురుతో కూడా కమాన్ చేస్తున్నారు.

జట్టు పట్టికలో ఖాళీలు

వలస లెక్క ప్రభుత్వం ఏడాదికొకసారి తీస్తుంది. 2013 ఏప్రిల్‌తో ముగిసిన సంవత్సరంలో సుమారు 89,000 మంది దేశం విడిచారని అప్పటి అంచనా. వారిలో సగానికి పైగా ఐరిష్ పౌరులే. తక్కినవారు అంతకుముందు పనికి వచ్చిన ఇతర దేశస్థులు.

పల్లెలో ఆ లెక్క వారానికొకసారి తెలిసేది. గురువారం సాధనకు ఎంతమంది వచ్చారన్నదే లెక్క. జట్టుకు పదిహేనుమంది కావాలి. చిన్న పారిష్‌లో ఆడగల వయసువాళ్ళు ఇరవై ఐదుగురుంటే గొప్ప. వారిలో వడ్రంగి ఆస్ట్రేలియాకు పోయాడు, మేస్త్రీ కెనడాకు పోయాడు, కొత్తగా పట్టా పుచ్చుకున్న ఇంజనీరు దుబాయికి పోయాడు. నలుగురు పోయినా ఆడవచ్చు. ఎనమండుగురు పోతే నలభై దాటిన పెద్దాయన మళ్ళీ కర్ర పట్టాలి, పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి పెద్దవాళ్ళ ఆటలోకి దింపాలి. పన్నెండుగురు పోతే పక్క ఊరితో కలవాలి.

పక్క ఊరితో కలవడమంటే మాటలు కాదు. నూరేళ్ళుగా ఆ ఊరిని ఓడించడమే వీరి పండుగ. రెండు ఊళ్ళ జట్లు కలిపి ఒకటి చేసినప్పుడు ఏ రంగు చొక్కా తొడగాలి, ఏ మైదానంలో ఆడాలి, పేరులో ఏ ఊరి పేరు ముందుండాలి అని వాదాలు వచ్చేవి. బయటివారికి నవ్వులాటగా ఉంటుంది గాని, తమ ఊరు ఇక ఒక ఊరుగా లెక్కకు రాదేమోనన్న భయం ఆ వాదాల వెనుక ఉంది.

ఆ పోయినవారంతా ఎక్కడ తేలారు? సిడ్నీలో, పెర్త్‌లో, టొరంటోలో, లండన్‌లో, అబుదాబీలో కమాన్‌లతో తేలారు. కొత్త నగరంలో దిగిన కుర్రవాడు ముందుగా వెతుక్కునేది క్లబ్బునే. ఆ క్లబ్బువారే గది చూపిస్తారు, పని ఎక్కడుందో చెబుతారు, జబ్బు చేస్తే పలకరిస్తారు, ఎవరైనా మరణిస్తే శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు వేస్తారు. ఇంటి దగ్గర ఊరి క్లబ్బు ఆట జరుగుతూంటే, పగలూ రాత్రీ తారుమారైన దేశంలో మేలుకొని, కంప్యూటరులో తమ జిల్లా రేడియో వ్యాఖ్యానం వినేవారు.

మన కౌలాలంపూర్‌లోనూ అటువంటి క్లబ్బు ఉంది. దాని పేరు ‘ఓరాంగ్ ఏరా’. ఓరాంగ్ అంటే మలయు భాషలో మనిషి అని మనకందరికీ తెలిసినదే. ఏరా అంటే ఐరిష్ భాషలో ఐర్లండు. వచ్చిన దేశపు మాట ముందు పెట్టి, విడిచిన దేశపు పేరు వెనుక పెట్టి, రెంటినీ కలిపి ఒక పేరు కుట్టుకున్నారు. మన ఇళ్ళల్లో తెలుగూ మలయూ కలిసిన మాటలు విన్నవారికి ఆ పేరు పరాయిదనిపించదు.

2013

2013 సెప్టెంబరు 8న క్లేర్, కార్క్ కౌంటీల మధ్య జరిగిన ఫైనల్ 25–25తో సమమయింది. ఆట ఆఖరి క్షణాలలో క్లేర్ రక్షణ ఆటగాడు డొనల్ ఓ’డానవన్ కొట్టిన పాయింటు ఓటమిని తప్పించింది. మూడు వారాలకు, సెప్టెంబరు 28న, మళ్ళీ ఆడారు. క్లేర్ తరఫున పంతొమ్మిదేళ్ళ కళాశాల విద్యార్థి షేన్ ఓ’డానెల్ ఫైనల్‌లో మొదటినుండి ఆడబోతున్నట్లు అతనికి తెలిసింది ఆనాడే. అతడు మూడు గోళ్ళు కొట్టాడు. క్లేర్ 31–25తో గెలిచింది. ఆ ఏడు డిసెంబరు 15న ఐర్లండు ద్రవ్య నిధివారి కార్యక్రమం నుండి బయటపడింది.

ఈ రెంటికీ సంబంధం లేదు. ఆట గెలిస్తే అప్పు తీరదు. కాని ఆ పిల్లవాడు చదువు ముగించి ఓడ, కాదు విమానం, ఎక్కవలసినదేనా అన్న ప్రశ్న ఆనాడు ప్రతి తల్లి మనసులోనూ ఉండేది. అటువంటి వయసు కుర్రవాళ్ళు పదిహేనుమంది ఇంకా ఊళ్ళో ఉన్నారన్నదే ఆనాటి ఉత్సవంలోని అసలు సంతోషం. తరువాతి సంవత్సరాలలో పనులు మళ్ళీ వచ్చాయి. పోయినవారిలో కొందరు తిరిగి వచ్చారు. కొందరు రాలేదు. వారి పిల్లలు నేడు ఆస్ట్రేలియా యాసలో మాట్లాడుతూ కమాన్ పట్టుకుంటున్నారు. 2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

లండన్‌లో పుట్టినవాని పేరు

చివరగా మన వంటి కుటుంబాలకు ముఖ్యమైన మాట ఒకటి. అఖిల ఐర్లండు హర్లింగ్ విజేతకు ఇచ్చే కప్పుకు లియం మెకార్తీ కప్పు అని పేరు. ఈ మెకార్తీ ఎవరు? ఐర్లండులో పుట్టినవాడు కాదు. క్షామం తరువాతి దినాలలో లండన్‌కు వలస పోయిన ఐరిష్ దంపతులకు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే వ్యాపారం చేసుకున్నాడు. లండన్‌లో ఈ ఆటల సంఘాన్ని ఏళ్ళ తరబడి నడిపించాడు. తన పేర ఉన్న కప్పును తల్లిదండ్రుల దేశానికి కానుకగా పంపాడు. 1921 సంవత్సరపు పోటీకిగాను ఆ కప్పును తొలిసారి 1923లో బహూకరించారు. అంతకుముందు 1901 పోటీలో లండన్ జట్టే కార్క్‌ను ఓడించి అఖిల ఐర్లండు ఛాంపియన్ అయింది. వలస వెళ్ళినవారి జట్టు స్వదేశంలోని ఘనులను ఓడించిందంటే, ఊరు విడిచినవారు ఆటను విడువలేదన్నమాట.

నేటికీ ప్రతి ఏటా గెలిచిన నాయకుడు ఎత్తి చూపేది ఆ పరదేశంలో పుట్టిన బిడ్డ పేరునే. ఐర్లండు గడ్డ మీద పుట్టనివాడు ఐర్లండువాడు కాదని ఎవరూ అనలేదు.

మన తోటలకూ అటువంటి కాలం వచ్చింది. 1930లలో రబ్బరు ధర పడిపోయినప్పుడు వేలాదిమంది భారతీయ కూలీలను ఓడలెక్కించి తిరిగి పంపివేశారు. మిగిలినవారు తగ్గిన కూలితో మందిరం ముందు భజన సాగించారు, దీపం కింద పెద్దబాలశిక్ష చదివించారు. వారికి ఎవరూ జీతమివ్వలేదు. జీతం లేని ఆ పనివల్లనే నేడు ఈ సంచికను తెలుగు లిపిలో చదువగలుగుతున్నాం.

ఐర్లండు పల్లెలో గురువారం సాయంకాలం శిక్షకుడు తలలు లెక్కపెట్టేవాడు. పదిహేనుమంది ఉన్నారా? మన తెలుగు తరగతిలోనూ ప్రతి ఆదివారం ఆ లెక్కే. గురువు వచ్చారు, పుస్తకాలున్నాయి, గది ఉంది. పిల్లలెందరు? ఈ ఉగాదినాడు ప్రతి ఇంటివారూ ఒక బిడ్డను పంపితే ఆ లెక్క నిండుతుంది. అప్పు గాని, విరాళం గాని అక్కరలేదు. వేళకు రావడం చాలు.